తోలు తురుముతో తోలు: దీవుల గాలికి నిలుస్తుందా?

తోలు, రెక్సిన్ తయారుచేసే కంపెనీలు తమ సరుకు మన్నికను ఒక మూసిన పెట్టెలో పరీక్షిస్తాయి. లోపల వేడి 70 డిగ్రీల సెల్సియస్, గాలిలో తేమ 95 శాతం. నమూనా ముక్కను వారాల తరబడి అందులో ఉంచి పైపొర పగిలిందా, జిగటగా మారిందా, ఊడిందా అని చూస్తారు. పరిశ్రమలో దీని వాడుక పేరు జంగిల్ టెస్ట్. పెట్టెలో ఒక వారం నిలిస్తే బయట ఒక ఏడాది నిలిచినట్టని మోటు లెక్క. చవకరకం పాలీయూరిథేన్ అనే ప్లాస్టిక్ పూత ఒకటి రెండు వారాలకే చేతులెత్తేస్తుంది. మేలురకం అయితే పది వారాల దాకా ఓర్చుకుంటుంది.

అండమాన్‌లో కాపురముండేవాళ్లకు ఈ పెట్టెతో పనిలేదు, ఇంట్లో బీరువా చాలు. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన. మే నుంచి డిసెంబరు దాకా ఒక ఋతుపవనం తర్వాత ఇంకొకటి. వాన లేని నెలల్లో కూడా గాలిలో తేమ 70 శాతం అటూ ఇటూగా ఉంటుంది. ఆ పైన ఉప్పుగాలి. తోలు పేరుతో వచ్చే ఏ సరుకైనా నిజంగా తోలో కాదో తేల్చడానికి ఇంతకంటే కఠినమైన చోటు దేశంలో అరుదు.

2011 జనాభా లెక్కల్లో దీవుల జనాభా 3,80,581. అందులో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్లు 13 శాతం పైచిలుకు, అంటే సుమారు 50 వేల మంది. చాలామంది మూలాలు శ్రీకాకుళం, విశాఖ వైపున ఉన్నాయి. పోర్ట్‌బ్లెయిర్ పేరును 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురంగా మార్చారు గానీ అక్కడి బజారుకు వచ్చే సరుకు దారి మారలేదు. పెళ్లికి కొన్న బూట్లయినా, పండక్కి కొన్న హ్యాండ్‌బ్యాగయినా దాదాపు ఎప్పుడూ చెన్నై, కోల్‌కతా, విశాఖల నుంచి ఓడలోనో విమానంలోనో రావాల్సిందే. విశాఖ నుంచి దూరం సుమారు 1,200 కిలోమీటర్లు. ఆర్నెల్లకు పెచ్చులు ఊడిన బెల్టును ఎవరూ అంత దూరం వెనక్కి పంపరు. అందుకే రీసైకిల్డ్ లెదర్, బాండెడ్ లెదర్, ఎకో లెదర్ అన్న చీటీలు తగిలించుకుని వస్తున్న సరుకులో అసలేముందో కొనకముందే తెలుసుకోవడం మేలు.

వెయ్యి కిలోలు వేస్తే ఎంత తేలుతుంది?

ఈ సరుకు పుట్టేది తోలు వ్యర్థం నుంచే కాబట్టి ముందు ఆ వ్యర్థం లెక్క చూద్దాం. ఉప్పు పట్టించిన పచ్చి తోళ్లు 1,000 కిలోలు తోలు శుద్ధి చేసే టానరీలోకి వెళితే, అమ్మకానికి పనికొచ్చే తోలుగా బయటికొచ్చేది ఇంచుమించు 200 నుంచి 250 కిలోలు. కండ, కొవ్వు, అంచుల కత్తిరింపుల వంటి పచ్చి వ్యర్థం రెండు మూడు వందల కిలోలు. శుద్ధి పూర్తయి తోలుగా మారాక పారేసే తురుము, పొరలు, ముక్కలు ఇంకో 200 కిలోల పైనే. షాపుకెక్కే తోలు ఎంతో, చెత్తకుప్పకెక్కే తోలూ దాదాపు అంతే అన్నమాట. కిలో పచ్చి తోలుకు 30 నుంచి 40 లీటర్ల నీళ్లు ఖర్చవుతాయి.

తురుము ఎందుకొస్తుందంటే, పశువు చర్మం ఒంటినిండా ఒకే మందంలో ఉండదు. వెన్ను దగ్గర మందం, పొట్ట దగ్గర పలచన. బూటు పైభాగానికి 1.2 మిల్లీమీటర్ల తోలు కావాలంటే, అంతకుమించిన మందాన్ని యంత్రం బ్లేడుతో అడుగు నుంచి చెక్కేయాలి. ఆ చెక్కుడే తురుము. తర్వాత చెప్పుల కంపెనీలో, బ్యాగుల కంపెనీలో కత్తిరింపు మొదలవుతుంది. గీతలు, ఈగకాట్లు, వంకర అంచులు తప్పించి కోసేసరికి చర్మంలో 20 నుంచి 30 శాతం మళ్లీ ముక్కల పాలు. నైకీ కంపెనీ తన లెక్కలో 30 శాతం దాకా పోతుందని చెప్పింది.

మన దేశంలో ఏటా సుమారు 300 కోట్ల చదరపు అడుగుల తోలు తయారవుతోంది. ఈ రంగం మీద బతుకుతున్నవాళ్లు 44 లక్షల మంది. ఇంత తోలుకు తగ్గట్టే తురుమూ వస్తుంది.

ఈ కథలో తెలుగువాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన మనిషి యలవర్తి నాయుడమ్మ. గుంటూరు జిల్లా యలవర్రులో 1922 సెప్టెంబరు 10న పుట్టి, తోలు శాస్త్రాన్ని చేపట్టి, అమెరికాలో లీహై విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసి వచ్చారు. 1948లో మొదలైన మద్రాసులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థకు 1958 నుంచి 1971 దాకా డైరెక్టర్‌గా ఉన్నారు. ఆ తర్వాత దేశంలోని శాస్త్ర పరిశోధన సంస్థలన్నిటికీ పెద్దదిక్కయిన సీఎస్‌ఐఆర్ డైరెక్టర్ జనరల్ అయ్యారు. 1985 జూన్ 23న కనిష్క విమాన విధ్వంసంలో మరణించారు. పచ్చి తోళ్లు, సగం శుద్ధి చేసిన తోళ్లు పరదేశానికి పంపి పైకం తెచ్చుకునే దేశం, 1970ల నుంచి పూర్తయిన తోలు, తోలు వస్తువులు అమ్మే దేశంగా మారింది. ఆ మార్పుకు కావలసిన శాస్త్రబలం ఆ తోలు పరిశోధన సంస్థ ఇచ్చింది. కానీ లాభంతోపాటు వ్యర్థం కూడా ఇక్కడే మిగలడం మొదలైంది. నిన్నటిదాకా విదేశీ టానరీలో రాలిన తురుము ఇప్పుడు మన వాణియంబాడిలో, కాన్పూర్‌లో రాలుతోంది. దాన్ని ఏంచేయాలన్న ప్రశ్న కూడా అప్పటినుంచే మనది.

తురుమును పాతిపెట్టకూడదా, కాల్చకూడదా?

పచ్చి చర్మం తడి మీద 60, 65 డిగ్రీల వేడికే ముడుచుకుపోతుంది. మన పల్లెల్లో సున్నం వేసి వెంట్రుకలు తీసి, తంగేడు చెక్క, కరక్కాయ నీళ్లలో నానబెట్టిన తోలు 75 నుంచి 85 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. దానికి వారాలు, ఒక్కోసారి నెలలు పట్టేది. క్రోమియం లవణంతో శుద్ధి చేస్తే ఒక రోజులో పనైపోతుంది, తోలు 100 డిగ్రీల వేడికి కూడా ముడుచుకోదు. ప్రపంచంలో నూటికి 80 పైగా తోలు ఇప్పుడు ఈ పద్ధతిలోనే తయారవుతోంది.

చిక్కు కూడా అక్కడే. వేసిన క్రోమియంలో తోలు పీల్చుకునేది 60, 70 శాతమే. మిగతాది నీళ్లలో పోతుంది. ఈ నష్టాన్ని తగ్గించడానికే చెన్నైలోని తోలు పరిశోధన సంస్థ నీళ్లు పోయకుండా క్రోమియం పట్టించే పద్ధతిని తయారుచేసింది. తోలులో ఇంకిన క్రోమియం మామూలుగా మూడో రకపు స్థితిలో, పెద్దగా హాని లేకుండా ఉంటుంది. తురుమును తగలబెడితే అది ఆరో రకానికి, అంటే క్యాన్సర్ కారకంగా మారే ప్రమాదం ఉంది. ఐరోపాలో 2015 మే నుంచి ఒంటికి తగిలే తోలు వస్తువుల్లో ఈ ఆరో రకం క్రోమియం కిలోకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు. కాబట్టి తురుమును కాల్చడం తెలివితక్కువ పని, ఎరువుగా చల్లడమూ అంతే, గుట్టలు పోస్తే వానకు ఊరి బావుల మీదికి వస్తుంది. పచ్చి కండ వ్యర్థం సంగతి వేరు. దానితో తమిళనాడులోని మేల్విషారంలో బయోగ్యాస్ తీశారు. క్రోమియం ఎక్కిన తురుముకు ఉన్న కొద్ది మంచి దారుల్లో ఒకటి, దాన్ని మళ్లీ తోలులాంటి వస్తువుగా మార్చడం.

అందువల్ల రీసైకిల్డ్ లెదర్ అంటేనే మోసం అనేవాళ్లతో నాకు పేచీ ఉంది. టానరీ గుమ్మం దగ్గర చూస్తే అది మంచి పనే.

పీచు, రబ్బరు పాలు, పూత

తయారీ పద్ధతి పేపరు మిల్లుకు దగ్గర. తురుమును, ముక్కలను మరలో వేసి పీచుగా చీలుస్తారు. నీళ్లలో కలిపి గంజిలా చేసి, సహజ రబ్బరు పాలు గానీ కృత్రిమ జిగురు గానీ పోస్తారు. కొంత నూనె, కొంత పటిక. జిగురు పీచుకు అంటుకోగానే జల్లెడలా కదిలే బెల్టు మీద పరిచి, నీళ్లు దింపి, రోలర్లతో నొక్కి, ఆరబెట్టి చుట్టలు చుడతారు.   ఇలా తయారైన అట్టను ఉన్నపాటున బూటు లోపలి అడుగుకు, బెల్టు మధ్యపొరకు వాడతారు. పైకి కనిపించే వస్తువు కావాలంటే మీద పాలీయూరిథేన్ పూత పూసి, అచ్చుపలకతో తోలు గీతలు వత్తుతారు.

ఆవు గీతలే వత్తాలని లేదు, మొసలి గీతలైనా వత్తొచ్చు. అండమాన్ మడుగుల్లో తిరిగే ఉప్పునీటి మొసలి 1972 వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది, దాని తోలు అమ్మడం నేరం. బజారులో మొసలి బెల్టు అని ఎవరైనా అమ్మితే అది నేరమైనా అయ్యుండాలి, అచ్చు గుద్దుడైనా అయ్యుండాలి. ఒకే గీత బెత్తెడు దూరానికోసారి మళ్లీ కనబడితే అచ్చే.

అన్నీ జిగురుతోనే అతుకుతాయని కాదు. ఇంగ్లండ్‌లోని పీటర్‌బరోలో ఈ-లెదర్ అనే కంపెనీ, ఇప్పటి పేరు జెన్ ఫీనిక్స్, జిగురుకు బదులు సన్నని నీటిధారలను అధిక పీడనంతో కొట్టి తోలు పీచును మధ్యలోని బట్ట చుట్టూ పెనవేస్తుంది. బరువు తక్కువ, చుట్టలుగా దొరుకుతుంది కాబట్టి విమానాల వాళ్లకు నచ్చింది. అమెరికాలో సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ 2012లో ప్రకటించిన కొత్త సీట్లకు దాన్నే వాడింది. తీసేసిన పాత సీట్ల అసలు తోలు 80,000 తొడుగులు, విస్తీర్ణంలో 43 ఎకరాలు. ఆ తోలును పీచు చేయకుండా బంతులు, బూట్లు, సంచులు కుట్టించడానికి ఆఫ్రికాలోనూ ఇతరచోట్లా పంచింది. ఇదీ పునర్వినియోగమే, పైగా మొదటి దానికంటే నయమైన రకం, ఎందుకంటే తోలు తోలుగానే మిగిలింది.

నైకీ 2017లో తెచ్చిన ఫ్లైలెదర్‌లోనూ ఈ నీటిధారల పద్ధతే. తోలు పీచు కనీసం 50 శాతం. మామూలు తోలుకంటే బరువు 40 శాతం తక్కువనీ, తయారీకి నీళ్లు 90 శాతం తక్కువనీ కంపెనీ మాట. కంపెనీ సొంత లెక్క కాబట్టి కొంత తగ్గించుకుని వినొచ్చు. దిశ మాత్రం నిజమే: పశువును పెంచిన ఖర్చు, చర్మం శుద్ధి చేసిన ఖర్చు అసలు తోలు ఖాతాలోనే రాసేస్తారు, తురుముకు అంటదు.

యాభై శాతం గీత

ఐరోపా ప్రమాణం ప్రకారం ఎండు తోలు పీచు బరువులో కనీసం 50 శాతం ఉంటేనే దాన్ని తోలు పీచు అట్ట అనాలి, ఊరికే తోలు అనకూడదు. అసలు తోలైనా పైపూత 0.15 మిల్లీమీటర్లు దాటితే పూత తోలు అని చెప్పాల్సిందే. అమెరికా వాణిజ్య కమిషన్ మార్గదర్శకాలు ఇంకో మెట్టు పైకెళ్లి, బాండెడ్ లెదర్ అని రాస్తే పీచు ఎంత శాతం, ఇతర పదార్థం ఎంత శాతం అనీ రాయమన్నాయి. ప్రపంచ కస్టమ్స్ పట్టికలో దీనికి 4115 అని విడి నంబరే ఉంది. ఓడరేవులో సుంకం కట్టేటప్పుడు కంపెనీకి అది ఏ సరుకో స్పష్టంగా తెలుసు. మసక అంతా షాపు చీటీ మీదే.

సోఫాల బజారులో బాండెడ్ లెదర్‌గా చలామణీ అయ్యే సరుకులో తోలు పీచు చాలాసార్లు 10 నుంచి 20 శాతమే. కింద పాలియెస్టర్ బట్ట, మధ్యలో పీచు పొర, పైన ప్లాస్టిక్ పూత. చేయి పెట్టి తడిమినప్పుడు తగిలేది ప్లాస్టిక్కే, ముక్కుకు తగిలేది వెనకనున్న తోలు వాసన.

అసలు తోలుతో బలాబలాలు పోల్చితే తేడా పీచు పొడవులో, అల్లికలో ఉంది. పశువు చర్మంలో పీచు మూడు దిశల్లోనూ ఒకదానిలో ఒకటి అల్లుకుని పుడుతుంది. కొబ్బరి తాడును విప్పి, పీచును నలిపి, జిగురుతో అట్టగా అద్దితే అది చూడ్డానికి కొబ్బరే గానీ పడవను కట్టలేదు. మంచి బూటు తోలు చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల లాగుడును ఓర్చుకోవాలని అడుగుతారు. జిగురుతో అతికిన మామూలు పీచు అట్ట అందులో సగం కూడా తట్టుకోవడం కష్టం. కుట్టు రంధ్రాల దగ్గర, మడత దగ్గర ముందు తెగుతుంది. నీటిధారల రకం దీనికంటే చాలా మెరుగు, దానిలో బట్ట కూడా బరువు మోస్తుంది కాబట్టి.

తోలులోనూ అంతస్తులున్నాయి. పైపొర చెక్కకుండా ఉంచిన ఫుల్ గ్రెయిన్ అన్నిటికంటే బలం, ధర. పైపొర తీసేసిన అడుగుపొరను స్ప్లిట్ అంటారు. జెన్యూన్ లెదర్ అన్న ముద్ర ఈ అడుగుపొర మీద కూడా పడుతుంది, తప్పేమీ కాదు, అదీ తోలే. కానీ ముద్ర చూసి మొదటి రకం అనుకోవడం మాత్రం కొనేవాడి పొరపాటు. ఇక రెక్సిన్‌లో తోలు సున్నా శాతం. ఆ మాట దాచుకోదు కాబట్టి దాని మీద నాకు గౌరవమే.

కర్మాగారంలో ఆదా, దీవిలో చెత్త

అసలు తోలు తేమను పీల్చి వదిలేస్తుంది. మామూలుగా దానిలో 12 నుంచి 15 శాతం నీరుంటుంది, వానాకాలం అది 20 దాటుతుంది. తేమ 70 శాతం మించిన గదిలో బూజు పడుతుంది, తోలులోని కొవ్వే దానికి తిండి. చూడ్డానికి అసహ్యంగా ఉన్నా బూజు సాధారణంగా మొదట పైనే ఉంటుంది. పొడిగుడ్డతో తుడిచి, నీడన గాలికి ఆరబెట్టి, కాస్త క్రీము రాస్తే వస్తువు తిరిగొస్తుంది.

పూత పూసిన పీచు అట్టకు ఈ అవకాశం లేదు. చవక పాలీయూరిథేన్‌ను గాలిలోని నీటి ఆవిరే రసాయనికంగా తుంచుతుంది. వాడకపోయినా, బీరువాలో బట్టచుట్టి దాచినా ఆ పని ఆగదు. రబ్బరు జిగురు వేడికి, గాలికి ముదిరి పెళుసుబారుతుంది. ఒక వేసవి, ఒక వానాకాలం గడిచాక పొర పొరను వదిలేస్తుంది, తుడిస్తే పెచ్చులు చేతికొస్తాయి. దీనికి మరమ్మతు లేదు. తోలు, రబ్బరు, ప్లాస్టిక్, పాలియెస్టర్ ఒకదానికొకటి అంటుకుపోయి ఉంటాయి కాబట్టి మళ్లీ రీసైకిల్ చేయడానికి కూడా పనికిరాదు. శ్రీవిజయపురంలో అయితే చివరికి బ్రూక్షాబాద్ చెత్తకుప్ప, లేదా ఎవరో పెరట్లో పెట్టే మంట. టానరీ దగ్గర ఏ క్రోమియం తురుమును కాల్చకూడదని ఇంత తతంగం చేశారో, అదే తురుము 1,200 కిలోమీటర్లు ఓడ ప్రయాణం చేసి ఇక్కడ పెరట్లో కాలుతుందన్నమాట.

పర్యావరణ లెక్కల్లో ఈ ముక్క కనబడదు. నీళ్లు 90 శాతం ఆదా అన్న అంకె కర్మాగారం గేటు దగ్గర ఆగిపోతుంది. వస్తువు ఎన్నేళ్లు నిలిచిందన్న అంకెతో దాన్ని భాగించాలి. పదేళ్లు నిలిచే తోలు బ్యాగు స్థానంలో రెండేళ్లకోసారి ఊడిపోయే బ్యాగులు ఐదు కొంటే, ఆదా అనుకున్నదంతా ఐదు రెట్లకు ఎదురు నిలవాలి. హైదరాబాద్‌లో ఏసీ గదిలో ఐదేళ్లు నిలిచే సోఫా కూడా ఇక్కడ అన్నేళ్లు నిలవాలని లేదు. అందుకే ఒకే సరుకు ఒక ఊళ్లో మంచి కొనుగోలు, ఇంకో ఊళ్లో చెత్త కొనుగోలు అవుతుంది.

జేబు లెక్కా అంతే. ఉదాహరణకు 1,500 రూపాయల తోలు బెల్టు ఆరేళ్లు నిలిస్తే ఏడాదికి 250. అందంగా మెరిసే 500 రూపాయల పీచు బెల్టు ఏడాదికే పెచ్చులూడితే ఏడాదికి 500. బీదవాడికి ఖరీదు పడేది రెండోదే.

మరి కొనేటప్పుడు ఏం చూడాలి? అంచు చూడండి. అసలు తోలు అంచు పీచుపీచుగా, ఒకే ముక్కగా ఉంటుంది. పీచు అట్ట అంచులో పొరలు విడివిడిగా, అడుగున బట్ట కనిపిస్తాయి. అంచు మొత్తానికి మందంగా రంగు పూసి మూసేస్తే అడగండి. వంచి చూడండి: తోలు మీద సన్నని ముడతలు క్రమం లేకుండా పడతాయి, పూత మీద ఒకే మడత గీత పడుతుంది. అగ్గిపుల్ల పరీక్ష వద్దు. తోలు పీచు ఉన్న అట్ట కూడా కాలితే తోలు వాసనే వేస్తుంది, వస్తువు చెడగొట్టుకోవడం తప్ప తేలేదేమీ ఉండదు. అన్నిటికంటే ముందు, శాతం ఎంతని షాపువాళ్లను అడగండి. ఆన్‌లైన్‌లో అయితే వివరాల్లో వెతకండి, నీటిధారల పద్ధతో జిగురు పద్ధతో రాశారేమో చూడండి.

డైరీ అట్ట, ఫైలు, కళ్లద్దాల పెట్టె, బూటు లోపలి అడుగు వంటివాటికి రీసైకిల్డ్ లెదర్ తీసుకోవచ్చు, అక్కడ అది తన పని తాను చేస్తుంది. సోఫాకు, రోజూ వంగే బెల్టుకు, వానలో తడిసే చెప్పులకు దీవుల్లో వద్దు. తోలు కొనే స్తోమత లేకపోతే మంచి కాన్వాసో, రబ్బరు చెప్పులో నయం. పీచు ఎంత శాతమో చెప్పని సరుకును మాత్రం ఏ ధరకూ కొనకండి.